బేరమునకు ఎవరిని పంపవలెను?

క్రొత్తగా దుకాణము తెరచునప్పుడు వర్తకుడు తిథి వార నక్షత్రములు చూచును; పెద్దల ఆశీర్వచనము పొందును; మొదటి బోణీ ఎవరి చేతిమీదుగా జరుగవలెనో కూడ ఆలోచించును. మంచిచేయి బోణీ కావలెనని అందరి కోరిక. కాని అదే దుకాణమో, మిల్లో, కంపెనీయో ముప్పది నలుబది ఏండ్ల తరువాత అమ్మవలసివచ్చినప్పుడు, ఆ అమ్మకపు మాట ఎవరి నోట నడువవలెనని ఆలోచించువారు అరుదు. ‘ఎంత వచ్చును?’ అను ప్రశ్న ముందుకు వచ్చి, ‘ఎవరు మాటాడవలెను?’ అను ప్రశ్నను వెనుకకు త్రోయుచున్నది. నిజమునకు మొదటి ప్రశ్నకు జవాబు చాలవరకు రెండవ ప్రశ్నలోనే యున్నది.

ఇది కేవలము నేర్పునకు సంబంధించిన విషయమని కొందరు తలంతురు. మాటకారిని పంపిన చాలును, నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చునని వారి అభిప్రాయము. గింజల బస్తా అమ్ముటకు ఆ మాట చెల్లవచ్చును. బస్తా విప్పి గుప్పెడు గింజలు అరచేతిలో పోసి చూపవచ్చును. కొనువాడు కొరికి చూచుకొనును. సంస్థ అట్టిది కాదు. దానిలో స్థలము, యంత్రములు, సరకు కనపడును. దాని పేరు, ఖాతాదారుల నమ్మకము, వచ్చునో రావో తెలియని బాకీలు, ఇరువది ఏండ్లుగా పనిచేయుచున్న గుమాస్తాల బ్రతుకు కంటికి కనపడవు. వీని నన్నిటిని గూర్చి గది తలుపులు మూసికొని మాటాడుదురు. ఆ గదిలో ఏమి అన్నారో, ఏమి అనక విడిచినారో బయటివారికి తెలియదు. పశువుల సంతలలో దళారి తువ్వాలు క్రింద చేయి పెట్టి వ్రేళ్లతో ధర తెలుపు ఆచారము కలదు. చుట్టునున్నవారికి తువ్వాలు మాత్రమే కనపడును. సంస్థ అమ్మకములో ఆ తువ్వాలు మరింత పెద్దది. దాని క్రింద చేయి పెట్టువాడు ఎట్టివాడను ప్రశ్న నేర్పునకన్న ధర్మమునకే దగ్గరగా నున్నది.

సాధారణముగా ఈ పనికి నలుగురి పేర్లు వచ్చును. మొదటివాడు యజమాని. సంస్థ గుట్టుమట్టులు అతనికి తెలిసినట్లు మరియొకనికి తెలియవు. కాని తన చేతులతో పెంచినదానిని కొనువాడు తప్పుపట్టుట సహజము. యంత్రము పాతదనిన యజమానికి తన్నే ముసలివాడన్నట్లు తోచును. కోపములో మంచి బేరము చెడగొట్టుకొనును. లేదా, పొగడ్తకు లొంగి తక్కువకు ఒప్పుకొనును. పైగా ఎదుట కూర్చున్న యజమాని ‘అడిగి చెప్పెదను’ అనలేడు. ఆ ఒక్క మాట ఒక రాత్రి వ్యవధినిచ్చును. ఒక రాత్రి ఆలోచన ఎన్నో పొరపాట్లను తప్పించును.

రెండవవాడు కుమారుడో, తమ్ముడో. వీరికి ఆప్యాయత కలదు. కాని వారి వాటా ఎంత, అమ్మిన తరువాత వారి స్థితి యేమి అను చింత వారిని లోలోన లాగుచుండును. మూడవవాడు మేనేజరు. లెక్కలన్నియు అతని చేతిలో నుండును. కాని రేపు కొనినవారి క్రింద ఉద్యోగము చేయవలసినవాడు కూడ అతడే. నాల్గవవాడు దళారి, లేక ఆ పనియే వృత్తిగా గల వకీలో, ఆర్థిక సలహాదారుడో. వీరికి అనుభవము, నిబ్బరము ఉండును. వీరి కూలి మాత్రము బేరము కుదిరిననే వచ్చుట వాడుక.

ఈ నలుగురిలో ఎవరిని పంపవలెనన్నది ఊహతో తేలునది కాదు. ఒకే సంస్థను రెండు సంవత్సరముల వ్యవధిలో ఇద్దరు వేర్వేరు మనుష్యులు అమ్మజూచిన ఉదంతము అమెరికా వర్తక చరిత్రలో కలదు. అది దూరదేశపు కథయైనను, వర్తకధర్మమునకు పొలిమేర లేదు గనుక ఇచట ప్రస్తావింపదగినది.

ఆండ్రూ కార్నెగీ 1835లో స్కాట్లండు దేశమున ఒక నేతగాని యింట పుట్టి, అమెరికాకు వలసపోయి, పిట్స్‌బర్గు ప్రాంతమున ఉక్కు కర్మాగారములు నెలకొల్పి కోటీశ్వరుడైనాడు. వయస్సు మీరినకొలది వ్యాపారము విడిచి దానధర్మములలో కాలము గడుపవలెనని అతనికి కోరిక కలిగినది. 1899లో అతని భాగస్థులైన హెన్రీ క్లే ఫ్రిక్, హెన్రీ ఫిప్స్ అనువారు ఒక బేరము తెచ్చిరి. కొనదలచినవారి పేర్లు మాత్రము చెప్పలేదు. కార్నెగీ సంశయించి, ముందుగా బయానా ఉంచవలెననెను. 11,70,000 డాలర్లు బయానాగా చెల్లించి గడువు పొందిరి. తరువాత అసలు సంగతి బయటపడినది. వెనుకనున్నవారు కంపెనీలు కూర్చి వాటాలు అమ్ముకొను మూర్ సోదరులు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి: బేరము కుదిరినచో కొనువారినుండి ఫ్రిక్, ఫిప్స్‌లకు 50 లక్షల డాలర్లు ముట్టు ఏర్పాటు జరిగియున్నది. ఆ సంగతి వారు కార్నెగీకి చెప్పలేదు. గడువులోపల కొనువారు సొమ్ము సమకూర్చలేకపోయిరి. కార్నెగీ గడువు పొడిగింపలేదు, బయానా తిరిగి ఈయలేదు. మరుసటి ఏటికి ఫ్రిక్, కార్నెగీల సంబంధము తెగి వ్యాజ్యము వరకు పోయినది. దానికి కోకు బొగ్గు ధరపై తగవు మొదలైన ఇతర కారణములును కలవు. కాని దాచిన ఆ 50 లక్షలు వారిమధ్య నమ్మకమును ముందే తినివేసినవి.

ఇచట గమనింపవలసిన దేమనగా, ఫ్రిక్ అసమర్థుడు కాడు. ఆ కాలపు ఉక్కు వ్యాపారములో అతనిని మించిన కార్యవాది అరుదు. అతనికి కార్నెగీ కంపెనీలో వాటాయు కలదు. లోపమెల్ల ఒక్కటే. అమ్మువాని తరపున కూర్చున్నవాడు కొనువాని చేతినుండి రహస్యముగా పుచ్చుకొనుటకు ఒప్పుకొనెను. ఆ క్షణమునుండి అతని సలహా సలహా కాదు, సరకు.

రెండవ బేరము నడపినవాడు చార్లెస్ ష్వాబ్. కార్నెగీ కర్మాగారములో రోజుకూలిగా చేరి, 1897 నాటికి కంపెనీ అధ్యక్షుడైనవాడు. 1900 డిసెంబరు 12వ తేదీన న్యూయార్కులో జరిగిన ఒక విందులో అతడు ఉక్కు పరిశ్రమ భవిష్యత్తును గూర్చి ప్రసంగించెను. ఆ విందుకు వచ్చిన జె.పి. మోర్గన్ అను మహాధనికుడు అతనిని ప్రక్కకు పిలిచి మాటాడెను. తరువాత మోర్గన్ ఇంట రాత్రి తెల్లవారువరకు చర్చ జరిగినది. కార్నెగీ అమ్మునో లేదో, అమ్మిన ధరయెంతయో కనుగొని రమ్మని ష్వాబునకు కబురు అప్పగింపబడినది.

ష్వాబ్ ముందుగా కార్నెగీ భార్యను సంప్రదించెను. గోల్ఫు ఆట ముగిసి మనస్సు తేలికగా నున్నప్పుడు మాట ఎత్తుమని ఆమె సలహా. అట్లే జరిగినది. కార్నెగీ ఆలోచించి, ఒక కాగితముపై పెన్సిలుతో తన ధర వ్రాసి యిచ్చెను. అది 48 కోట్ల డాలర్లు. ష్వాబ్ ఆ కాగితము కొనిపోయి మోర్గన్ చేతికిచ్చెను. మోర్గన్ చూచి అంగీకరించెను. 1901లో ఆ సంస్థ మరికొన్నిటితో కలిసి యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కార్పొరేషన్ అయినది. దాని మూలధనము 140 కోట్ల డాలర్లు. నూరు కోట్ల డాలర్లు దాటిన కంపెనీ ప్రపంచమున అదే మొదటిది.

ఈ రెండవ బేరమును నిర్దోషమని కొనియాడుట తగదు. యజమానికి చెప్పకమునుపే ష్వాబ్ కొనువాని యింట తెల్లవార్లు కూర్చుండెను. అమ్మకము జరిగిన తరువాత క్రొత్త కంపెనీకి మొదటి అధ్యక్షుడు అతడే అయ్యెను. ఇట్టి స్థితిలో నున్నవానిని ఏ వర్తకుడైనను ఒకసారికి రెండుసార్లు పరీక్షింపవలసియుండును. అడిగిన ధరకు మోర్గన్ గీచి బేరమాడక ఒప్పుకొనుటచే, మరి పదికోట్లు అడిగినను వచ్చియుండెడివని తరువాత కార్నెగీ చింతించినట్లు ఒక కథ వాడుకలో నున్నది.

అయినను మొదటి బేరమునకును రెండవదానికిని నడుమ ఒక పెద్ద భేదము కలదు. ఫ్రిక్ తెచ్చిన బేరములో కొనువాడెవడో అమ్మువానికి తెలియదు. ష్వాబ్ తెచ్చిన బేరములో కొనువాడెవడో తెలియును, ధర యజమాని స్వహస్తముతో వ్రాసినది. మాట మోసినవాడు వేరు, నిర్ణయించినవాడు వేరు. మనుష్యుడు సంపూర్ణుడు కాకపోయినను పద్ధతి సరియైనదగుటచే బేరము నిలిచినది.

తానే కొనదలచినవాడు అమ్మువాని తరపున మాటాడుట అన్నిటికన్న ప్రమాదకరము. 1988 అక్టోబరులో ఆర్‌.జె.ఆర్. నబిస్కో అను అమెరికా కంపెనీ ముఖ్య నిర్వాహకుడు, తన బృందముతో కూడి ఆ కంపెనీని వాటాకు 75 డాలర్ల చొప్పున కొనెదనని డైరెక్టర్లకు చెప్పెను. లెక్కలన్నియు తెలిసినవాడు తక్కువకే అడుగునని అనుమానించుట సహజము. డైరెక్టర్లు కంపెనీలో ఉద్యోగము లేని సభ్యులతో వేరొక సంఘమును నియమించి, ఇతరులనుండియు ధరలు పిలిచిరి. చివరకు వేరొక సంస్థ 109 డాలర్లకు కొనినది. మాటాడువారిని మార్చుటచే 75 కాస్త 109 అయినది. ఆ భేదము వాటాదారులదే గాని నిర్వాహకునిది కాదు.

ఇక దళారి సంగతి. దళారులందరు మోసగాండ్రనుట అన్యాయము. నమ్మకముగా పనిచేయు దళారులు ప్రతి పట్టణములో కలరు. కాని కూలి లెక్క ఎట్లున్నదో చూచుట యజమాని పని. ఒక నూనె మిల్లు కోటి రూపాయలకు వచ్చినదనుకొన్నచో, నూటికి రెండు చొప్పున దళారికి రెండు లక్షలు. మరి నెలరోజులు ఓపికపట్టి పది లక్షలు ఎక్కువ తెచ్చినచో యజమానికి పది లక్షలు, దళారికి ఇరువది వేలు. బేరము చెడినచో దళారికి పోవునది మొత్తము రెండు లక్షలు. ఇరువది వేలకొరకు రెండు లక్షలను పణముగా పెట్టువాడు అరుదు. కావున ‘ఇంతకన్న రాదండీ, ఒప్పుకొనుడు’ అని అతడు చెప్పుట దుర్బుద్ధితో కాకపోవచ్చును. తన లాభము తన్ను ఎటు లాగుచున్నదో అతనికే తెలియకపోవచ్చును. మంచివానిని ఇట్టి ఇరకాటములో పెట్టక, అతని కూలిలో కొంత భాగమునైనను బేరము కుదిరినను కుదరకున్నను ఈయవలసినదిగా ఏర్పరచుట యజమాని ధర్మము. ‘వద్దు’ అని లేచివచ్చుటకు వీలులేనివానిని బేరమునకు పంపరాదు.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 216వ విభాగము ప్రకారము, ఏజెంటు యజమానికి తెలియకుండ ఆ వ్యవహారములో తన స్వంతమునకు బేరము చేసికొని పొందిన లాభమును యజమాని రాబట్టుకొనవచ్చును. అదే చట్టమున 238వ విభాగము మరింత ఆలోచింపదగినది. పనిలో భాగముగా ఏజెంటు చెప్పిన అబద్ధమునకు, చేసిన మోసమునకు, ఆ ఒప్పందము విషయమున యజమాని చేసినట్లే ఫలితము కలుగును. అనగా, ‘నేను చెప్పలేదు, నా మనిషి చెప్పినాడు’ అను మాట చెల్లదు. నోరు అద్దెకు తీసికొనవచ్చును గాని పాపమును అద్దెకీయ వీలులేదు.

ఈ సంగతి కార్నెగీయే అంతకుముందు కష్టముమీద తెలిసికొనెను. 1892లో హోంస్టెడ్ కర్మాగారములో కార్మికులతో కూలి తగవు వచ్చినది. కార్నెగీ స్కాట్లండులో నుండెను. వ్యవహారమంతయు ఫ్రిక్‌కు అప్పగించెను. ఫ్రిక్ గేట్లు మూయించి, పింకర్టన్ కంపెనీ కావలివారిని మూడువందలమందిని పడవలపై రప్పించెను. జూలై 6వ తేదీన కాల్పులు జరిగి ఇరుపక్షములందును ప్రాణములు పోయినవి. సముద్రమునకు ఆవలనున్న యజమానికి ఆ మచ్చ తప్పలేదు. జీవితములో తన్ను అంతగా గాయపరచినది వేరొకటి లేదని కార్నెగీ తన ఆత్మకథలో ఒప్పుకొనెను. పంపినవాడు పంపబడినవానితోనే గదిలో కూర్చున్నట్లు లెక్క.

మరియొక సంగతి. గదిలో లేనివారు కూడ ఆ గదిలో అమ్ముడుపోవుచుందురు. భాగస్థుని మరణానంతరము అతని వాటాపై ఆధారపడిన భార్య, చిన్న వాటాదారులు, గుమాస్తాలు, కూలీలు. వీరి పక్షమున మాటాడువాడెవడు? 1932 నాటి భాగస్వామ్య చట్టము 19వ విభాగము ప్రకారము, వాడుకయో ఒప్పందమో లేనిదే ఒక భాగస్థుడు తానొక్కడే సంస్థ స్థిరాస్తిని బదలాయింప వీలులేదు. 2013 నాటి కంపెనీల చట్టము 180వ విభాగము ప్రకారము, పబ్లికు కంపెనీ మొత్తము వ్యాపారమును అమ్ముటకు వాటాదారుల ప్రత్యేక తీర్మానము కావలెను. అనగా వ్యతిరేకించిన ఓట్లకు మూడింతలకు తగ్గకుండ అనుకూలపు ఓట్లు పడవలెను. 2005 సవరణ తరువాత హిందూ వారసత్వ చట్టము వర్తించు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమాన హక్కు కలదు. ఆ చట్టము జైనులకును వర్తించును. కావున బళ్లారిలోనో బరంపురములోనో అన్నదమ్ములు ముగ్గురు కూర్చుండి ఉమ్మడి ఆస్తియైన మిల్లును అమ్మ నిశ్చయించుకొని, షోలాపురములో కాపురమున్న ఆడపడుచుకు సంతకము వేళ కబురు పంపుట ఆ సమాన హక్కు భావమునకును విరుద్ధమే, తోబుట్టువుల ప్రేమకును విరుద్ధమే. మాటాడువానిని ఎన్నుకొనునప్పుడే ఆమెను అడుగవలెను. ఎవరి ఆస్తి అమ్ముడుపోవుచున్నదో వారందరి నమ్మకము ఉన్నవాడే వారందరి నోరు కాదగినవాడు.

ఇంతవరకు పంపబడువాని గుణములు విచారింపబడినవి. పంపువాని గుణము విచారింపక ఈ ప్రశ్న ముగియదు. సాధారణముగా వర్తకులు యోగ్యుని వెదకి తెచ్చి, అతనికి సగము నిజము చెప్పి పంపుదురు. బాయిలరు బీటలు వారినదని చెప్పరు. పెద్ద ఖాతాదారుడొకడు ఇతర దుకాణమునకు మరలినాడని చెప్పరు. పన్ను నోటీసు పెట్టెలో దాచుదురు. ఆ యోగ్యుడు గదిలో కూర్చుండి, తనకు తెలిసినంత నిజమే చెప్పుచున్నానని నమ్మి అబద్ధము చెప్పును. అబద్ధాలకోరును పంపుటకన్న ఇది ఎక్కువ దోషము. అబద్ధాలకోరు తన పాపము తాను మూటగట్టుకొనును. ఇచటనో, నిజాయితీపరుని ముఖము చూపి అబద్ధము అమ్మబడుచున్నది. కొనువాడు ఆ ముఖమును చూచియే నమ్మును.

ఇట్లు చెప్పిన బేరమెట్లు సాగునని ఆక్షేపణ రావచ్చును. ప్రతి లోపమును కొనువాని ముందు పరచిన ధర పడిపోవును గదా యని అందురు. ప్రతిదానిని తనంతట తాను చాటవలెనని ఎవరును అనరు. ఎంతవరకు అమ్మగలమో ఆ హద్దును దాచుకొనుట బేరములో దోషము కాదు. ధరను దాచుట వేరు, బీటను దాచుట వేరు. మొదటిది తన జేబును కాపాడుకొనుట. రెండవది ఎదుటివాని జేబులో చేయి పెట్టుట. ఈ భేదము తెలిసినవాడు, అడిగినప్పుడు బీటను ఒప్పుకొని, దానికి తగ్గించవలసినది ఎంతో లెక్కకట్టి చెప్పగలవాడు, ధరను కాపాడును, మాటను కాపాడును.

కావున బేరమునకు పంపదగినవాడెవడను ప్రశ్నకు జవాబు ఇట్లుండును. కొనువానినుండి ఏమియు ఆశింపనివాడు. ఆశింపదగినది ఏమైన ఉన్నచో ముందుగానే నలుగురిలో చెప్పువాడు. కుదరనిచో లేచివచ్చుటకు వెనుదీయనివాడు. విన్న ప్రతిమాటను తరుగు లేక తిరిగి తెచ్చువాడు. అతని చేతిలో యజమాని స్వయముగా వ్రాసిన హద్దులుండవలెను. వీలైనచో తోడుగా మరియొకడుండవలెను. తుది నిర్ణయము మాత్రము సంస్థ ఎవరిదో వారిదే.

ఇట్టివాడు తమ్ముడు కావచ్చును, మేనేజరు కావచ్చును, దళారియు కావచ్చును. అతనిని గుర్తించుటకు ఒక్క పరీక్ష చాలును. యజమాని ఒక రాత్రి లెక్క పుస్తకములన్నియు ముందు పెట్టుకొని, అందులో లేనివి కూడ జ్ఞాపకము చేసికొని, ఈ సంగతులన్నియు దాచక ఎవనికి చెప్పగలనని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఎవని పేరు మనస్సుకు తోచునో వానినే పంపవలెను. అట్టి పేరు ఒక్కటియు తోచనిచో, లోపము మనుష్యులలో లేదు, పుస్తకములలో నున్నది. ముందు ఆ పుస్తకములను సరిచేసికొని, తరువాత బేరమునకు మనిషిని వెదకుకొనుట మేలు.